కొండబాటల పునరుద్ధరణ, పోషణ: గజపతి, గంజాం జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, బరంపురం ప్రాంతాల తెలుగువారిలో మహేంద్రగిరి కొండ ఎక్కినవారు చాలామందే ఉన్నారు. ఎక్కిన ఆ దారిని ఏటేటా ఎవరు బాగుచేస్తున్నారని అడిగినవారు మాత్రం తక్కువ. ఆ కొద్దిమంది అడిగిన ప్రశ్నలనూ, అడగకపోయినా అడగవలసినవని నాకు తోచిన మరికొన్నింటినీ ఇక్కడ కూర్చాను. సమాధానాలలో అభిప్రాయం కనిపించిన చోట అది నా సొంత అభిప్రాయమేనని గ్రహించగలరు.

పాత దారి అంటే సరిగ్గా ఏది?

వాహనం పోలేని, మనుషులూ పశువులూ నడవడం వల్లనే ఏర్పడి నిలిచిన బాటలన్నింటినీ ఇక్కడ పాత దారులు అంటున్నాను. మహాశివరాత్రికి భక్తులు కొండ ఎక్కే యాత్రాదారి అందులో ఒకటి. కొండమీది సవర గిరిజనుల గూడేల నుంచి చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్లు దిగువ సంతకు దిగే దారి ఇంకొకటి. పొలాల నడుమ ఊరినీ ఊరినీ కలిపే పుంతలు, పశువులు మేతకు పోయే డొంకలు కూడా ఈ కోవలోవే. ఆదివారం పూట ఆరోగ్యం కోసమో, ఆనందం కోసమో నడిచే పట్టణవాసికి ప్రత్యేకమైన దారి అంటూ మన ప్రాంతంలో లేదు. అతడు నడిచేది కూడా ఎవరో ఒకరి సంతదారి మీదనే. విహారం కోసం దారిని బాగుచేయాలని తలపెట్టేవారు మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. ఆ దారికి రోజూ నడిచే యజమానులు ముందే ఉన్నారు.

మహేంద్రగిరి దారికి చారిత్రక ప్రాముఖ్యం ఉందని ఎలా చెప్పగలం?

గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండ పేరు చాలా పాత శాసనాలలో కనిపిస్తుంది. 4వ శతాబ్దపు సముద్రగుప్తుని ప్రయాగ ప్రశస్తిలో, దక్షిణాపథంలో అతడు జయించి విడిచిపెట్టిన రాజుల వరుసలో, పిష్టపురం, మహేంద్రగిరి, కొట్టూరం అనే పేర్లు ఒకే సమాసంలో కలిసి వస్తాయి. ఆ సమాసాన్ని ఎక్కడ విరవాలో, అక్కడ మహేంద్రగిరి అన్నది కొండ పేరో రాజు పేరో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రఘువంశంలో కళింగరాజును కాళిదాసు మహేంద్రనాథుడని వ్యవహరించాడు. తూర్పు గాంగరాజులు తమ తామ్రశాసనాలలో మహేంద్రాచల శిఖరం మీద కొలువైన గోకర్ణస్వామి పాదభక్తులమని చెప్పుకున్నారు. రాజేంద్ర చోళుని విజయాన్ని చెప్పే శాసనం కూడా కొండమీద ఉంది. పరశురాముడు ఇక్కడే తపస్సు చేసుకుంటున్నాడని భక్తుల నమ్మకం. (తమిళనాడులో ఇస్రో పరీక్షా కేంద్రం ఉన్న మహేంద్రగిరి వేరు. ఈ రెండింటినీ కలిపేసి రాసిన వ్యాసాలు కనిపిస్తుంటాయి.)

ఇంతమంది రాజులు, సేనానులు, పూజారులు, రాళ్లు చెక్కిన శిల్పులు, ఆ రాళ్లను మోసిన కూలీలు గాలిలో ఎగిరి శిఖరం చేరలేదు. కొండమీది భీముని గుడిలోని ఒక్కొక్క రాయి పరిమాణాన్ని చూసినవారెవరికైనా వాటిని పేర్చినవారి శ్రమ తెలుస్తుంది, కానీ ఆ పనివారంతా తిండీ నీరూ మోసుకుంటూ ఏ దారిన వచ్చారన్న ప్రశ్న చాలామందికి రాదు. గుడిని కట్టించినవాడి పేరు శాసనంలో ఉంటుంది. దారిని తొక్కి చేసినవారి పేర్లు ఎక్కడా లేవు. దారే వారి శాసనం అనుకుంటే, దానిని చెరిగిపోనివ్వడం ఎంత నష్టమో అర్థమవుతుంది.

కొండమీది ఆలయాలు రక్షిత కట్టడాలు కదా. దారికి ఆ రక్షణ వర్తించదా?

భీమ, కుంతీ, యుధిష్ఠిర ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడపు హద్దు నుంచి 100 మీటర్ల మేర నిర్మాణాలు నిషిద్ధం, ఆపైన 200 మీటర్ల మేర నియంత్రితం. కాబట్టి శిఖరం దగ్గర ఉన్న దారి భాగం ఆ పరిధిలోకి వస్తుంది, అక్కడ మెట్టు కట్టాలన్నా, మంటపం లేపాలన్నా ఆ శాఖ అనుమతి ఉండాలి. దిగువన కిలోమీటర్ల పొడవునా సాగే బాటకు ఆ చట్టంలో చోటు లేదు. గుడి ఒక బిందువు, దారి ఒక రేఖ; మన చట్టాలు బిందువులను కాపాడటం నేర్చినంతగా రేఖలను కాపాడటం నేర్వలేదు.

బాటల సంరక్షణ మనకు కొత్తగా వచ్చిన విదేశీ ఆలోచన కాదా?

గంజాం జిల్లాలో ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడకు ఒకసారి వెళ్లి చూడమని ఈ ప్రశ్న అడిగినవారికి చెబుతుంటాను. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు అక్కడి బండమీద చెక్కించిన ధర్మలిపులలో రెండవది, మనుషులకూ పశువులకూ ఉపయోగపడేలా దారుల వెంట చెట్లు నాటించాననీ, బావులు తవ్వించాననీ చెబుతుంది. అంటే దారిని పోషించడం పాలకుని బాధ్యత అన్న మాట మన జిల్లాలోనే రెండువేల రెండువందల ఏళ్లకు పైగా రాతి మీద ఉంది. దారిన పోయేవారికి చలివేంద్రం పెట్టడం, సత్రం కట్టించడం తెలుగునాట పుణ్యకార్యాలే. చిత్రమేమిటంటే, మనిషి పేరు నిలిపేవిగా మన పెద్దలు లెక్కించిన ఏడింటిలో, అంటే సప్తసంతానాలలో, తటాకం, వనం, దేవాలయం ఉన్నాయి గాని బాట లేదు. బహుశా దారి ఎవరో ఒకరు చేసేది కాదు, అందరూ కలిసి చేసేది కనుక దానికి ఒక్క పేరు పెట్టుకునే వీలు దాతలకు కనిపించలేదేమో.

నిజంగా విదేశాల నుంచి నేర్చుకోవలసినది వేరే ఉంది. అమెరికాలో సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున సాగే అపలాచియన్ కాలిబాట 1937లో పూర్తయింది, 1968లో అక్కడ జాతీయ కాలిబాటల చట్టం వచ్చింది. ఆ బాటను ముక్కలుగా పంచుకుని, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క స్థానిక స్వచ్ఛంద బృందం ఏటేటా చూసుకుంటుంది. దారి ఎంత పొడవైనా, దానిని పంచుకుంటేనే పోషించగలమన్నది అక్కడి పాఠం. మన దగ్గరి గూడేలు కూడా తమ తమ హద్దుల మధ్య దారిని ఏనాటినుంచో ఇలాగే చూసుకుంటున్నాయి, కాకపోతే దానికి లెక్కా పత్రం లేవు.

వాహనాలు పోయే రోడ్లు వస్తుండగా కాలిబాట మీద డబ్బు ఖర్చు చేయడం దండగ కాదా?

రోడ్డు వద్దనేవాడిని కాను. గర్భిణిని మంచం మీద మోసుకొని కొండ దిగవలసి వచ్చే ఊళ్లకు రోడ్డు మొదట కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ రోడ్డు వచ్చిన ఊళ్లలో కాలిబాట అవసరం తీరిపోతుందనుకోవడం పొరపాటు. రోడ్డు వాలు కోసం చుట్టూ తిరిగి వస్తుంది. సంతకు నెత్తిన గంప పెట్టుకొని దిగే మనిషికీ, పొలానికి పోయే రైతుకూ, బడికి పోయే పిల్లకూ దగ్గరి తోవే పని చేస్తుంది, వాళ్లలో చాలామందికి వాహనం లేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లాలో కొండచరియలను విరగదీసి ప్రాణాలు తీసింది. రోడ్లు ఎక్కడికక్కడ తెగిపోయాయి. తెగిన రోడ్డును మళ్లీ కలపడానికి యంత్రాలు రావాలి. తెగిన కాలిబాటను నలుగురు మనుషులు గునపాలతో ఒక పూటలో నడవదగినట్టు చేయగలరు. ఆపదలో ముందుగా తెరుచుకునే దారి ఏదో, దానిని ఆపద లేని రోజుల్లో కాపాడుకోవడం దండగ ఎలా అవుతుంది?

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి గాని, నడక మంచిదని తెలుగువారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. వైద్యులు రోజూ చెబుతూనే ఉన్నారు. నడవడానికి చోటు చూపించేవారే కరువయ్యారు.

దారి పాడవడానికి అసలు కారణం ఏమిటి?

ఎక్కువమంది నడవడం వల్ల పాడవుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. దారికి అసలు శత్రువు నీరు.

అడుగులు పడిన చోట మట్టి నొక్కుకుపోయి, దారి మధ్యభాగం కిందికి దిగి, అంచులు ఎత్తుగా మిగులుతాయి. కొన్నేళ్లకు దారి ఒక పొడవైన తొట్టిలా తయారవుతుంది. కొండవాలు మీద పలుచగా పరచుకొని పోవలసిన వాననీరు ఆ తొట్టిలో చేరుతుంది. చేరిన నీరు వేగం పుంజుకుంటుంది, వేగం పెరిగేకొద్దీ మట్టిని కోస్తుంది, కోసిన గాడిలోకి మరింత నీరు వస్తుంది. మూడు నాలుగు వానాకాలాలకు దారి చిన్న గెడ్డగా, అంటే వాగుగా, మారిపోతుంది. రాళ్లు తేలి నడవలేని ఆ గాడిని తప్పించుకోవడానికి మనిషి పక్కనున్న గడ్డిమీద కాలు పెడతాడు, అక్కడ రెండో గాడి మొదలవుతుంది, తరువాత మూడోది. కొండ మీది నుంచి చూస్తే ఒకే దారి జడపాయల్లా చీలి కనిపించే చోట జరిగినది ఇదే.

అడ్డదారులు దీనికి మరింత తోడ్పడతాయి. మెలికలు తిరిగి ఎక్కే దారిలో పడుచువాళ్లు మెలికకూ మెలికకూ మధ్య నిలువునా దిగిపోతారు. ఆ నిలువు గీత వెంట నీరు నేరుగా పరుగెత్తి, కింది మెలిక మీద పడి, దాని అంచును విరగదీస్తుంది. పది మంది పది నిమిషాలు మిగుల్చుకున్నందుకు ఊరంతటి దారి తెగిపోతుంది. నా చిన్నప్పుడు శివరాత్రి నాడు నేనూ అలా దిగినవాడినే. మా తాతగారు పై మెలిక నుంచి కేకలేస్తూ ఉండేవారు, ఆ కేకలు నా కాలు విరుగుతుందన్న భయంతోనే అనుకున్నాను అప్పట్లో.

మరి నీటి నుంచి దారిని కాపాడే పద్ధతి ఏమిటి?

నీటిని ఆపకూడదు, దారి మీద నిలవనివ్వకూడదు, దారి వెంట నడవనివ్వకూడదు; దారిని అడ్డంగా దాటించి పంపేయాలి. ఈ ఒక్క సూత్రం నుంచే మిగిలిన పద్ధతులన్నీ వస్తాయి. దారి అడుగును పల్లం వైపుకు, మీటరు వెడల్పుకు సుమారు అయిదు సెంటీమీటర్ల చొప్పున, వాలుగా ఉంచితే నడిచేవాడికి తెలియకుండానే నీరు పక్కకు జారిపోతుంది. దారి ఎక్కే వాలు కొండవాలులో సగానికి మించకూడదు, మొత్తం మీద పది మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కడం అనువైన లెక్క. ఎక్కుతూ పోయే దారిని అక్కడక్కడ నాలుగడుగుల మేర కొంచెం దింపి మళ్లీ ఎక్కిస్తే ఆ పల్లంలో చేరిన నీరు అక్కడే బయటికి పోతుంది. పాత దారిని అలా మలచడానికి వీలుకాని చోట, దారికి ఏటవాలుగా రాళ్లు పాతి నీటిని పక్కకు మళ్లించే గట్టు వేస్తారు. గట్టు వేయడం సులభమే గాని, దాని వెనుక మట్టి పూడితే నీరు గట్టు మీదుగా పొర్లి మళ్లీ దారిన పడుతుంది. అందువల్ల గట్టు వేసినవాడు ఏడాదికి రెండుసార్లు దానిని తోడే మనిషిని కూడా చూసి పెట్టాలి. పునరుద్ధరణ పథకాలలో మొదటి పనికి పద్దు ఉంటుంది, రెండో పనికి ఉండదు.

సిమెంటు మెట్లు కట్టేస్తే ఈ బాధంతా తప్పుతుంది కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, నాయకులైతే దీనిని ప్రశ్నగా కాక వాగ్దానంగానే చెబుతారు. నాకు తెలిసిన ఒక చిన్న కొండగుడి దారికి గుత్తేదారు ఒకరు నిలువునా సిమెంటు మెట్లు వేశారు. మొదటి ఏడాది అందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి మెట్ల కింద మట్టి కొట్టుకుపోయి, పైపలక బోలుగా మిగిలి, అడుగు వేస్తే ఊగడం మొదలైంది. మూడో ఏడు భక్తులు మెట్లను వదిలి పక్కనున్న పొదల్లో కొత్త బాట చేసుకున్నారు. జరిగినది సులభంగానే అర్థమవుతుంది. మట్టి పీల్చుకోగలిగిన నీటిని సిమెంటు పీల్చుకోదు, ఆ నీరంతా అంచుల వెంట దిగి పునాదినే తవ్వుతుంది. పైగా నిలువు మెట్లు దిగేటప్పుడు ముసలివారి మోకాళ్లకు నరకం. నీడ పట్టున నాచు పట్టి జారుతాయి. ఎండ పట్టున వట్టికాళ్లతో నడవలేనంత కాలుతాయి.

మెట్లు ఎక్కడా పనికిరావని నా మాట కాదు. వేలమంది ఒకే రోజున ఎక్కే చోట, గుడి ముంగిట, గెడ్డ దాటే చోట కట్టుబడి తప్పదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లున్నాయి, అవి చక్కగానే ఉన్నాయి. అయితే వాటి వెనుక ఏడాది పొడవునా పనిచేసే సిబ్బంది, దేవస్థానం నిధులు ఉన్నాయన్న సంగతి మరవకూడదు. అంతటి వ్యవస్థ ఉన్న చోటనే, 2021 నవంబరు వర్షాలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, మళ్లీ 2022 మే నెలలో గాని తెరుచుకోలేదు. ఆ సిబ్బందీ ఆ నిధులూ లేని కొండమీద అదే పద్ధతిని అనుకరిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఈ పని తెలిసినవారు మన ప్రాంతంలో ఉన్నారా?

బయటి నుంచి నిపుణులను పిలిపించాలని అనుకునేవారు ముందు గుమ్మా, రాయగడ బ్లాకుల కొండల మీద సవరల మెట్ల పొలాలను చూడాలి. (ఈ రాయగడ గజపతి జిల్లాలోని బ్లాకు, అదే పేరున్న జిల్లా వేరే.) సవరలు కొండవాలును అంచెలంచెలుగా కోసి, ప్రతి అంచెకూ సున్నం, సిమెంటు లేకుండా వట్టి రాళ్లతో గోడ పేర్చి, పై మడిలోని నీరు కింది మడికి కోత పడకుండా దిగేలా చేసి వరి పండిస్తారు. కొండదారికి కావలసిన విద్య సరిగ్గా అదే. పెద్దరాయి అడుగున పెట్టడం, గోడను కొండవైపుకు కాస్త వాల్చడం, ప్రతి రాయీ కింది రెండు రాళ్ల అతుకు మీద కూర్చునేలా చూడటం, వెనుక చిన్నరాళ్లు నింపి నీటికి దారి ఇవ్వడం వాళ్లకు చిన్ననాటి నుంచి తెలిసిన పనులు. అలాంటి గోడలో నీరు ఊరుతుంది గాని గోడను తోయదు. ఒక రాయి జారినా ఆ ఒక్క రాయినే తిరిగి పెట్టుకోవచ్చు.

ఆ నైపుణ్యానికి తగిన కూలి ఇవ్వాలి. శ్రమదానం అన్న మాట పట్టణం నుంచి వెళ్లి ఫొటోలు దిగి వచ్చేవారికి సరిపోతుంది. పొలం పని మానుకొని వచ్చేవారిచేత శ్రమదానం చేయించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఎవరి అనుమతి కావాలి?

ఇది దారి ఏ భూమి మీద పోతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మా, రాయగడ బ్లాకులు షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నాయి గనుక అక్కడ 1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం వర్తిస్తుంది. గ్రామసభను అడగకుండా చేసే పని నిలవదు. అటవీభూమి మీద అటవీశాఖ అనుమతి తప్పనిసరి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, గ్రామానికి కావలసిన రోడ్లు, బడి, తాగునీటి గొట్టాలు వంటి సౌకర్యాల కోసం, గ్రామసభ సిఫారసుతో, ఒక్కొక్క దానికి ఒక హెక్టారుకు లోపు అటవీభూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, వాడుకోవడానికి వీలు కల్పించింది. ఉన్న కాలిబాటను బాగుచేయడానికి సాధారణంగా చెట్టు కొట్టవలసిన అవసరమే రాదు. అటవీ ఉత్పత్తుల సేకరణకు, సామూహిక వినియోగానికి హక్కు పత్రాలు కోరేటప్పుడే ఆ అడవికి పోయే దారులను కూడా పటంలో గీయించుకోవడం వివేకం.

పట్టా పొలాల గుండా పోయే దారుల సంగతి వేరు. 1882 నాటి సుఖభోగ హక్కుల చట్టం (ఈజ్‌మెంట్స్ యాక్ట్) ప్రకారం, ఎవరి అనుమతీ అడగకుండా, బహిరంగంగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు ఒక దారిని వాడినవారికి దానిపై హక్కు ఏర్పడుతుంది. అదే చట్టంలో మరో మాట కూడా ఉంది: 20 ఏళ్లు పూర్తిగా వాడటం మానేస్తే ఆ హక్కు పోతుంది. నడక వల్ల పుట్టిన హక్కు నడక మానితే చచ్చిపోతుందన్నమాట. పట్టణానికి దగ్గరగా ఉన్న పుంతలు ప్లాట్లలో కలిసిపోతున్న ఈ రోజుల్లో, మూసుకుపోయిన పుంతను తుప్పలు కొట్టి మళ్లీ నడవడానికి ఎవరైనా పూనుకుంటే, వారు చేస్తున్నది కేవలం శుభ్రత పని కాదు.

కొండకు ఒకవైపు ఒడిశా, మరొకవైపు ఆంధ్రప్రదేశ్ ఉంటే పని ఎలా సాగుతుంది?

మహేంద్రగిరికి ఒడిశాలో బుర్ఖాత్ వైపు నుంచీ, శ్రీకాకుళం జిల్లాలో మందస వైపు నుంచీ జనం ఎక్కుతారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సంస్థానమే రెండుగా చీలింది; పట్టణం ఇటు వచ్చింది, పాతపట్నం అటు మిగిలింది. దారులు అంతకు ముందువి. ఇప్పుడు మాత్రం రెండు అటవీశాఖలు, రెండు రెవెన్యూ యంత్రాంగాలు, రెండు భాషల దస్తావేజులు ఉన్నాయి. ఒక వైపు అనుమతి రెండో వైపు చెల్లదు. రెండు వైపులా వేర్వేరుగా అర్జీ పెట్టుకొని, ఎవరి వైపు పనిని వారు ఒకే నెలలో చేసుకోవడమే ప్రస్తుతానికి సాధ్యమైన మార్గం.

పర్లాకిమిడి పాత లైట్ రైల్వే కట్టను నడకదారిగా మార్చవచ్చా?

నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా సాగిన ఆ చిన్న రైలు మీద మా తరానికి మమకారం ఎక్కువ. అది 2004లో ఆగిపోయింది. బ్రాడ్‌గేజి రైలు 2011 నాటికి గుణుపురం చేరింది. పాత మార్గంలో చాలా భాగం కొత్త లైనుకే వాడారు గనుక నడకదారి కల ఆ మేరకు తీరదు. నడుస్తున్న లైను మీదుగా వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం కూడా.

జనం ఎక్కువగా నడిస్తే అడవికీ జంతువులకూ హాని కాదా?

ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. మహేంద్రతనయ అనే పేరుతో రెండు ఏరులు ఈ కొండల నుంచే దిగుతాయి: ఒకటి పర్లాకిమిడి మీదుగా వంశధారలో కలుస్తుంది, రెండోది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. లఖారి లోయ అభయారణ్యం నుంచి ఏనుగులు ఉత్తరాంధ్ర వైపు దిగిన సంగతి సరిహద్దు రైతులకు బాగా తెలుసు. కాబట్టి హాని జరిగే అవకాశం ఉంది. అయితే స్పష్టమైన ఒకే బాట ఉన్నప్పుడు మనుషులు ఆ బాటనే పట్టుకొని పోతారు. బాట చెడినప్పుడే అడవి నిండా చెదిరి, పది చోట్ల తొక్కుతారు. కొత్త దారులు తెరవకుండా ఉన్న దారిని బాగా ఉంచడం అడవికి కూడా మేలే. ఏనుగులు తిరిగే రోజుల్లో ఆ దారిని మూసేయాలి, ఆ విషయంలో గూడెం పెద్దల మాటే ఆఖరు మాట కావాలి.

శివరాత్రి ఒక్క రోజు సంగతి విడిగా చెప్పాలి. ఆ రాత్రి మిగిలే నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ పొట్లాలు ఏడాదంతా గెడ్డల్లో కనిపిస్తాయి. ఒకప్పుడు ప్రసాదం అడ్డాకు దొప్పలో ఇచ్చేవారు. ఆ దొప్పలు కుట్టే చేతులు ఇప్పటికీ దారి పక్క గూడేలలోనే ఉన్నాయి.

దారి పక్కన పలకలు ఏ భాషలో ఉండాలి?

ఒడియా, తెలుగు, సవర మూడింటిలోనూ ఉండాలి. సవర భాషకు 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన సొరంగ్ సోంపెంగ్ లిపి ఉంది. తెలుగువారికి ఈ విషయంలో ఒక పాత ఋణం కూడా ఉంది. వ్యావహారిక భాషోద్యమానికి మూలపురుషుడైన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు వినికిడి పోయింది. అప్పటి సవర గూడేలకు చేరేందుకు కొండబాటలే దిక్కు. ఆ బాటల పక్కన సవర అక్షరం లేకుండా తెలుగు అక్షరం నిలబెట్టడం ఆయన పేరు చెప్పుకునే మనకు తగదు.

ఏ నెలలో ఏ పని చేయాలి?

మే నెలలో, తొలకరికి ముందు, నీటి మళ్లింపు గట్ల వెనుక పూడిక తోడి, దారికి అడ్డంగా పెరిగిన లాంటానా పొదలను వేళ్లతో సహా పెకలించాలి. కొట్టి వదిలేస్తే రెట్టింపుగా వస్తుంది. వానల్లో పని పెట్టుకోకూడదు, తడి మట్టిని తవ్వితే దారి మరింత చెడుతుంది. ఆ రోజుల్లో నడిచి చూడటమే పని. అక్టోబరు, నవంబరు తుపానులు దాటాక పడిన చెట్లను తొలగించి, జారిన రాళ్లను తిరిగి పేర్చి, గట్లను రెండోసారి తోడితే శివరాత్రి నాటికి మట్టి సర్దుకొని దారి గట్టిపడుతుంది.

బృందం ఏదీ లేదు, నేను ఒక్కడినే ఉన్నాను. నేను చేయగలిగినది ఏమైనా ఉందా?

ఉంది. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక దారిని, ఒక కిలోమీటరు చాలు, ఎంచుకొని జోరుగా వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకొని నడవండి. ఎండలో వంద సార్లు నడిచినా తెలియనిది అప్పుడు తెలుస్తుంది: నీరు ఏ చోట దారిలోకి దిగుతోంది, ఎంత దూరం దారి వెంట పరుగెత్తుతోంది, ఏ చోట బయటికి పోతోంది. దిగే చోటా, బయటికి పోయే చోటా ఒక్కొక్క రాయి గుర్తు పెట్టి రండి. వానలు వెలిసి మట్టి ఆరాక, అటవీభూమి అయితే గ్రామసభలో చెప్పి, ఆ గుర్తుల దగ్గర పూడిన పాత కాలువ నోటిని పారతో తెరవండి. మూడు చోట్ల తెరవడానికి ఒక ఉదయం పడుతుంది. తోడిన మట్టిని దారి పల్లపు అంచున మాత్రం పోయవద్దు. అక్కడ అది గట్టులా నిలిచి, మీరు బయటికి పంపాలనుకున్న నీటినే మళ్లీ దారిలోకి తిప్పుతుంది. కోత పడిన గాడిలో వేసి తొక్కండి.